బిడియపు పిల్లకి ఏ షిప్పు నయం? జూబ్లీ, విష్ కిడ్స్ క్లబ్బులతో మా అనుభవం

క్రూజ్ అనగానే మన డాలస్, హ్యూస్టన్ వాళ్లు ముందు అడిగేది వెజ్ ఫుడ్ గురించి, తర్వాత బాల్కనీ రూమ్ గురించి. పిల్లలు కొత్తవాళ్లని చూడగానే అమ్మ వెనక్కి పోయి నక్కే రకమైతే మాత్రం ముందు ఆరా తీయాల్సింది కిడ్స్ క్లబ్ గురించి, అంటే షిప్పులో మనం పిల్లల్ని వదిలి వెళ్తే వాళ్లని ఆడించే చోటు గురించి. మా ఐదేళ్లది అచ్చం ఆ రకమే. టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి కార్నివాల్ జూబ్లీ, ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ నుంచి డిస్నీ విష్ ఎక్కాం. హంగుల్లో విష్‌ని కొట్టేది లేదు. అయినా మా పిల్ల కుదురుకుంది జూబ్లీలోనే.

దానికి మొదటి కారణం రోజులు. జూబ్లీది 7 రాత్రుల ప్రయాణం, విష్‌లో మేం తీసుకున్నది 4 రాత్రులది. బిడియపు పిల్లలకి మొదటి రెండు రోజులు చుట్టూ చూసుకోవడానికే సరిపోతాయి. కాస్త నవ్వు మొహం పెట్టే సరికి చిన్న ట్రిప్పులో సూట్‌కేసులు సర్దుకోవాల్సి వస్తుంది. 2022లో కార్డీలియా క్రూజ్ షిప్పు విశాఖకి రావడం మొదలైనప్పటి నుంచి మా చుట్టాలు కూడా పిల్లలతో వెళ్తామంటున్నారు. రెండు మూడు రాత్రుల ప్రయాణమైతే క్లబ్ మీద ఆశ పెట్టుకోకుండా, పిల్లల్ని మీతోనే తిప్పుకోండి అని చెప్పాను.

రెండోది, ఓపెన్ హౌస్. షిప్పు ఎక్కిన రోజు మధ్యాహ్నం జనమంతా బఫే దగ్గర పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంటారు. తిండి తర్వాత చూసుకోవచ్చు, ముందు క్లబ్ ఎప్పుడు చూడనిస్తారో కనుక్కోండి. మామూలు వేళల్లో తల్లిదండ్రుల్ని గుమ్మం దాటనివ్వరు. ఓపెన్ హౌస్‌లో మనం కూడా లోపలికి వెళ్లి, పిల్లతో కింద కూర్చుని ఆడొచ్చు. బాత్రూం ఎక్కడో, బొమ్మలు ఎక్కడో, రేపు పిల్లల్ని చూసుకునే అక్క ఎవరో అప్పుడే చూపించేయాలి. మా అమ్మాయి బాత్రూంకి వెళ్లాలని నోరు తెరిచి అడగదు. ఆ మాట రిజిస్ట్రేషన్ అప్పుడే చెప్పి, మధ్యమధ్యలో మీరే అడగండి అన్నాను. శాకాహారమైనా, బీఫ్ వద్దన్నా అక్కడే రాయించాలి. పిల్లలు లోపలే తినే వీలున్నచోట ఇది మరీ ముఖ్యం.

విష్‌లో ఓషనీర్ క్లబ్ చూస్తే పెద్దవాళ్లకే చిన్నపిల్లలైపోవాలనిపిస్తుంది. పైన గ్రాండ్ హాల్ నుంచి నేరుగా క్లబ్‌లోకి దిగే జారుడుబల్ల ఒకటుంది. హుషారు పిల్లలు దానికోసం ఎగబడతారు. మాదానికి అది పనికిరాలేదు. అమ్మ పైనే ఉండిపోయి, తను దభీమని కొత్తవాళ్ల మధ్య పడటమంటే దాని గుండె ఆగినంత పనవుతుంది! మామూలు గుమ్మంలోంచే తీసుకెళ్లాం. అక్కడ చేతులు లోపల పెడితే నీళ్లు చిమ్మి కడిగే మిషన్ ఒకటుంది. దాని సరదా అంతా అక్కడే తీరింది. లోపల డిస్నీ కథల్లోని రాకుమార్తెలు రపుంజెల్ పేరుతో బొమ్మలు వేసుకునే గది, బెల్ పేరుతో లైబ్రరీ ఉన్నాయి. గోల లేని చోటు దొరకడం ఇలాంటి పిల్లలకి పెద్ద వరం. 3 నుంచి 10 ఏళ్ల వాళ్లంతా ఒకే క్లబ్ కాబట్టి అన్నాచెల్లెళ్లు విడిపోనక్కర్లేదు. ఎప్పుడైనా రమ్మనాలంటే వాళ్ల యాప్‌లో మెసేజ్ పంపుతారు. టికెట్ ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది.

జూబ్లీలో కిడ్స్ క్లబ్ పేరు క్యాంప్ ఓషన్. దాన్ని వయసును బట్టి విడగొడతారు. 2 నుంచి 5 పెంగ్విన్స్, 6 నుంచి 8 స్టింగ్‌రేస్, 9 నుంచి 11 షార్క్స్. మా అక్క కొడుక్కి ఏడేళ్లు కాబట్టి వాడు వేరే గ్రూపు. అన్న లేడని ఇది మొదట మొహం ముడుచుకుంది. మాకు కలిసొచ్చింది పోర్టు రోజు, అంటే షిప్పు ఊరి దగ్గర ఆగే రోజు. మెక్సికోలోని కోజుమెల్‌లో జనమంతా దిగిపోతే క్లబ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. మైకు లేదు, డాన్సు లేదు. ఒక కౌన్సెలర్ అమ్మాయి పక్కనే కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తూ దీనితో మాట కలిపింది. మర్నాడు హాలు నిండా పిల్లలున్నా, ఆ అమ్మాయి కనిపించగానే నా చెయ్యి వదిలేసింది. ఊరు చూడటం ఒక పూట తగ్గినా నాకు బాధ లేదు.

ఇంతకుముందు వేరే కంపెనీ షిప్పులో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. మొదటి గంటలోనే మైకు చేతికిచ్చి పేరు చెప్పమన్నారు. ఆ తర్వాత ఆ తలుపు వైపు చూస్తే ఒట్టు. అందుకే ఇప్పుడు "అందరి ముందూ పిలవొద్దు, చూస్తూ కూర్చుంటే కూర్చోనివ్వండి" అని ముందే చెప్పేస్తున్నాను.

వదిలి వెళ్లేటప్పుడు మాయమైపోవడం నాకు నచ్చదు. "అమ్మమ్మతో ఐస్‌క్రీమ్ టైముకి వచ్చేస్తా" అని చెప్పి, అరగంటలో కచ్చితంగా వెళ్లేదాన్ని. తర్వాత గంట చేశాను. అసలు కష్టం మా అమ్మతోనే. "పాపం, ఎందుకే దాన్నక్కడ వదలడం, నా దగ్గరుంటుందిగా" అంటూ తలుపు దగ్గరే తచ్చాడేది. అమ్మమ్మ కనిపించినంతసేపూ పిల్ల లోపల కుదురుగా ఉండదు. ఆవిణ్ణి పై డెక్ మీద టీ తాగించడానికి తీసుకెళ్లే డ్యూటీ మా వారిది.

ఇంకా డైపర్ మానని పిల్లలకి డిస్నీ, ఇంకో క్రూజ్ కంపెనీ రాయల్ కరీబియన్ వాళ్ల 3 ఏళ్లు దాటినవాళ్ల క్లబ్బుల్లో ప్రవేశం లేదు, కార్నివాల్‌లో ఉంది. మాది ఆ ఘట్టం దాటేసింది. ఇప్పుడు చిక్కల్లా పుట్టినరోజే. ఆరు నిండితే పెంగ్విన్స్ నుంచి పెద్ద గ్రూపులోకి మార్చేస్తారు, మళ్లీ కొత్త మొహాలు. అన్న ఉన్న గ్రూపే కాబట్టి ఈసారి వాళ్లిద్దరినీ కలిపి జూబ్లీకే బుక్ చేద్దామని అక్కతో అన్నాను. వాడికి తొమ్మిది నిండేలోపు వెళ్లిరావాలి.