చాలోంజ్‌లో టోర్నీ డ్రా: ఏ ఫార్మాట్ ఎంచుకుంటే జట్లకు న్యాయం?

టోర్నీ డ్రా (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక) గీసే పనిలో చాలోంజ్ వెబ్‌సైట్‌కు వంక పెట్టలేం. జట్ల పేర్లు ఇస్తే చాలు, నాకౌట్, డబుల్ ఎలిమినేషన్ (రెండుసార్లు ఓడితేనే ఔట్, ఒకసారి ఓడితే ఓడినవాళ్ల వైపుకు మారి ఆడాలి), రౌండ్ రాబిన్ (అందరితో అందరూ), స్విస్ (ఎవరూ ఔట్ కారు, ప్రతి రౌండ్‌లో ఇంచుమించు సమాన ఫలితాలున్న జట్లు తలపడతాయి) వీటిలో ఏది అడిగితే అది క్షణాల్లో సిద్ధం. కానీ మీకు గ్రౌండ్లు ఎన్నున్నాయో, ఆటగాళ్లు రోజుకు ఎన్ని మ్యాచ్‌లు ఆడగలరో దానికి తెలియదు. ఆ లెక్క నిర్వాహకులే వేసుకోవాలి.

ఒకరోజు ఫుట్‌బాల్ టోర్నీకి 16 జట్లు వచ్చాయనుకుందాం. నాకౌట్ పెడితే 15 మ్యాచ్‌లతో తేలిపోతుంది, కానీ ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటిదారి పట్టాలి. ఎంట్రీ ఫీజు కట్టి వచ్చినవాళ్లకు అది అన్యాయమే. అందరితో అందరూ ఆడాలంటే 120 మ్యాచ్‌లు, ఒక్కరోజులో జరిగే పని కాదు.

చాలామంది మోసపోయేది డబుల్ ఎలిమినేషన్ దగ్గర. మ్యాచ్‌లు 30 లేదా 31, చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే మొదటి ఆటే ఓడిన జట్టు ఫైనల్ చేరాలంటే ఓడినవాళ్ల వైపు ఆరు రౌండ్లు గెలవాలి. ఫైనల్‌తో కలిపి ఎనిమిది మ్యాచ్‌లు! ఓటమి లేకుండా వచ్చిన జట్టుకు ఐదే. కూర్చుని ఆడే ఆటలకు ఫరవాలేదు గానీ, పరుగెత్తే ఆటకు ఇది తగదు. పెట్టి తీరాలనుకుంటే గ్రాండ్ ఫైనల్ సెట్టింగ్‌ను ‘1 లేదా 2 మ్యాచ్‌లు’ (అప్పటిదాకా ఓడని జట్టు ఓడితే ఇంకో మ్యాచ్) అనే ఉంచండి. ఒకే మ్యాచ్‌కు మారిస్తే, రెండుసార్లు ఓడితే గానీ ఎవరూ ఔట్ కాని టోర్నీలో అప్పటిదాకా ఓడని జట్టు ఒక్క ఓటమితో కప్పు పోగొట్టుకుంటుంది.

మా ఓటు రెండు దశల పద్ధతికి: నాలుగేసి జట్లతో నాలుగు గ్రూపులు, ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు క్వార్టర్స్‌కు. గ్రూపుల్లో 24, నాకౌట్‌లో 7, మొత్తం 31. ఎవరికైనా కనీసం మూడు ఆటలు దక్కుతాయి. 20 నిమిషాల మ్యాచ్, మధ్యలో 5 నిమిషాల విరామం అనుకుంటే రెండు గ్రౌండ్లలో 16 విడతలు, అంటే 6 గంటల 40 నిమిషాలు.

మూడేసి జట్ల గ్రూపుల జోలికి పోవద్దు. చివరి ఆటప్పుడు ఒక జట్టు ఖాళీగా కూర్చుంటుంది, ఆడే ఇద్దరికీ ఏ స్కోరైతే కలిసొస్తుందో ముందే తెలుస్తుంది. నాలుగు జట్ల గ్రూపులోనూ ఆఖరి మ్యాచ్‌లు వేర్వేరు సమయాల్లో పెడితే ఇదే ప్రమాదం: 1982 ప్రపంచకప్‌లో అల్జీరియా తన మ్యాచ్‌లు ముగించుకున్న మర్నాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1-0తో ఆడి రెండూ ముందుకెళ్లాయి, అల్జీరియా ఇంటికెళ్లింది. అందుకే 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు. మీకూ రెండు గ్రౌండ్లుంటే అదే చేయండి.

స్విస్‌లో 16 జట్లకు నాలుగు రౌండ్లు, 32 మ్యాచ్‌లు, అందరికీ సమానంగా నాలుగేసి. న్యాయంలో దీనికి సాటి లేదు. కానీ రౌండ్ మొత్తం ముగిస్తే గానీ తర్వాతి జోడీలు తేలవు. ఒక్క మ్యాచ్ ఆలస్యమైతే అందరూ ఆగాల్సిందే.

ఇక సీడింగ్, అంటే బలాన్ని బట్టి జట్లకు ఇచ్చే వరుస సంఖ్య. పేర్లు ఎక్కించిన వరుసే సీడింగ్ అవుతుంది. ముందుగా రిజిస్టర్ చేసుకున్న జట్టు ఊరికే నంబర్ వన్ అయిపోతుంది! బలాబలాలు తెలిస్తే వరుస మీరే మార్చండి, తెలియకపోతే అందరి ముందూ షఫుల్ నొక్కండి. 11 జట్ల నాకౌట్‌లో ఐదు బైలు (ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లే అవకాశాలు) వస్తాయి, అవి పై సీడ్లకే పోతాయి కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.

టై-బ్రేక్ (పాయింట్లు సమానమైతే ఎవరు పైనో తేల్చే నియమాల) వరుసను మొదటి విజిల్‌కు ముందే సెట్ చేసి ప్రకటించండి: సమానమైన జట్ల మధ్య ఫలితం, ఆపైన గోల్స్ తేడా. తేడాకు నాలుగు గోల్స్ హద్దు పెట్టుకుంటే బలహీన జట్టును 11-0తో చితక్కొట్టే అవసరం ఎవరికీ ఉండదు, స్కోరు ఎక్కించేటప్పుడు 4-0 అనే రాయండి. గ్రూపు మధ్యలో ఏ జట్టయినా వెళ్లిపోతే, దానితో జరిగిన మ్యాచ్‌లన్నీ లెక్కలోంచి తీసేయాలి. లేకుంటే కష్టపడి ఆడి ఓడినవాళ్ల కంటే, ఊరికే వాకోవర్ (ఆడకుండానే గెలుపు) అందినవాళ్లు పైన ఉంటారు.