ఎక్స్-ప్లేన్ 12: మధురపూడిలో లేచి అంతర్వేది దాకా

కోనసీమను పైనుంచి చూసుకుందామని ఎక్స్-ప్లేన్ 12 అనే, కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ కొన్నవాళ్లకు ధవళేశ్వరం దాటగానే ఉసూరుమంటుంది. కొబ్బరితోటలు ఉండాల్సిన చోట ఏవో అడవిచెట్లు, వరిచేల చోట ఏ దేశానివో తెలియని పొలాలు. ఈ సిమ్యులేటర్ ఉపగ్రహ ఫోటోలు పరచదు. ఇది పంటభూమి, ఇది అడవి, ఇది ఊరు అని లెక్క చూసుకుని తన దగ్గరున్న బొమ్మ అతికిస్తుంది. రోడ్లు, రైలు పట్టాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లెక్కే కాబట్టి దారి మాత్రం తప్పదు.

మరి దేనికి కొనాలంటే, ఎగరడానికి. దీన్ని తయారుచేసిన ఆస్టిన్ మేయర్ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివిన పైలట్. మబ్బులో పరికరాలు మాత్రమే చూస్తూ నడిపే అలవాటు తప్పకూడదని మెకింటాష్ మీద రాసుకున్న ప్రోగ్రామే పెరిగి ఎక్స్-ప్లేన్ అయింది. కంపెనీ పేరు లామినార్ రీసెర్చ్, ఉండేది అమెరికాలోని సౌత్ కరోలినాలో. 2012లో ఆండ్రాయిడ్ యాప్ మీద యూనిలాక్ అనే కంపెనీ పేటెంటు దావా వేస్తే, డబ్బిచ్చి వదిలించుకోకుండా ఏళ్ల తరబడి పోరాడారు. ఇంజిన్ ఆగితే దగ్గరి రన్‌వేకి దారి చూపే జావియాన్ అనే ఐప్యాడ్ యాప్ కూడా ఆయనదే. మొత్తానికి అందచందాల మనిషి కాదు, లెక్కల మనిషి. సరుకూ అలాగే ఉంటుంది.

ఆ లెక్క ఏమిటంటే, రెక్కనూ తోకనూ ప్రొపెల్లర్‌నూ చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతోందో సెకనుకు ఎన్నోసార్లు కట్టి కూడుతుంది. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం రన్‌వే 23 మీద సెస్నా 172 అనే చిన్న విమానానికి ఫుల్ పవర్ ఇచ్చి చూడండి. ముక్కు ఎడమకు లాగుతుంది. జాయ్‌స్టిక్ పాడైందని కంగారు పడొద్దు, అది ప్రొపెల్లర్ గాలి పని. కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ కొంచెం తొక్కి పట్టి, 55 నాట్ల (గంటకు దాదాపు 100 కిలోమీటర్ల) దగ్గర ముక్కు లేపి, 74 నాట్లతో ఎక్కాలి. తర్వాత ఎడమకు తిరిగి గోదావరి పట్టుకుంటే రాజమండ్రి వంతెనలు, ఆ తర్వాత బ్యారేజీ వస్తాయి. అక్కడ ఎడమకు గౌతమి, కుడికి వశిష్ఠ. వశిష్ఠ వెంట పోతే 110 నాట్ల మీద అరగంటకు అంతర్వేది.

అరగంట అని చెప్పినది కంప్యూటర్ సహకరిస్తేనే. 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది గానీ 16 ఉంటేనే సుఖం. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య, 20 కంటే పడిపోతే ఎక్స్-ప్లేన్ కాలాన్నే నెమ్మది చేస్తుంది. రెండు లెక్కల మధ్య వ్యవధి మరీ పెరిగితే విమానం ఊగిపోతుంది కాబట్టి ఆ ఏర్పాటు. తెర మీద అంతా నున్నగానే కనిపిస్తుంది, గోడ గడియారం మాత్రం ముందుకు పోతుంది. సెట్టింగుల్లోని డేటా అవుట్‌పుట్‌లో మొదటి వరస, ఫ్రేమ్ రేటు, టిక్ పెట్టి చూసుకోండి. తగ్గుతుంటే ముందు వస్తువుల సంఖ్య తగ్గించాలి, ఆ తర్వాత నీడలు.

కొబ్బరితోటలు కావాల్సిందేనంటే ఓర్తో4ఎక్స్‌పీ అనే ఉచిత పనిముట్టు ఉంది. అక్షాంశ రేఖాంశాల్లో డిగ్రీకొక పలక చొప్పున ఉపగ్రహ ఫోటోలు దించుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాజమండ్రి సరిగ్గా 17 డిగ్రీల అక్షాంశ గీత పక్కనే ఉంది. పలక పేరులో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఉంటాయి. అంతర్వేది పలక +16+081, విమానాశ్రయం పలక +17+081, యానాం, కాకినాడలది +16+082. మూడూ దించాలి. జూమ్ 16లో ఒక్కో చుక్క దాదాపు 2.3 మీటర్లు. ఏడెనిమిది మీటర్ల కొబ్బరితల మూడు చుక్కల పచ్చమరకగా వస్తుంది. 17లో చెట్టులా ఉంటుంది, కానీ డిస్కు నాలుగింతలు తింటుంది. ఓవర్‌లేలు, అంటే ఫోటో మీద పరిచే ఇళ్లూ చెట్లూ రోడ్ల పొరలు, తీయడం మరిచిపోతే ఇళ్లూ చెట్లూ లేచి నిలబడవు, ఊరంతా చాప పరిచినట్టుంటుంది. తీసిన ఓవర్‌లే ఫోల్డరు సీనరీ జాబితాలో ఫోటో పలకలకు పైన ఉండాలి.

ఇంత తంటా ఎందుకనుకునే వాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్లైట్ సిమ్యులేటరే మేలు. అందులో లంకలన్నీ ఫోటోలతో నేరుగా వస్తాయి, కాకపోతే నెట్ ఆగకుండా ఉండాలి. ఎక్స్-ప్లేన్ ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకుండానే ఎగరొచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. పైలట్ కోర్సులో చేరబోయే పిల్లలకు ఇది కొనిపెట్టొచ్చు, రడ్డర్ పెడల్స్ కూడా తీసుకోండి. ఇంట్లో ఎగిరిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. ఉచిత డెమో ఉంది, మీ కంప్యూటర్ మోస్తుందో లేదో దానితో చూసుకున్నాకే డబ్బు కట్టండి.