వాష్ బేసిన్ ట్రాప్, వెంట్ పైపు: అమలాపురంలో చేయించుకున్న మరమ్మతు

మా ఇంటి వాష్ బేసిన్ నుంచి ఏడాదిగా వస్తున్న మురుగు వాసనను మాన్పించిన ఒక స్థానిక ప్లంబరు పనితనం గురించి ఇది. అంతకుముందు వచ్చిన మేస్త్రి మడతల ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలోని పైపులోకి దోపి, చుట్టూ తెల్ల సిమెంటు పూసి వెళ్లిపోయాడు. వానాకాలంలో నేలంతా ఊటెక్కి సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు ఆ గదిలో నిలబడలేకపోయేవాళ్లం.

ఈయన ముందుగా బేసిన్ నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదిలి, చెవి ఒగ్గి విన్నారు. చివర్లో గుడగుడమని చప్పుడు రాగానే, పారే నీరు వాసనను ఆపవలసిన నీటిని కూడా లాక్కుపోతోందని తేల్చారు. 50 మిల్లీమీటర్ల లోతున నీరు నిలిచి వాసనను అడ్డుకునే వంపు గొట్టం, అంటే పీ ట్రాప్ అమర్చి, అక్కడి నుంచి అడుగుకు పావు అంగుళం వాలుతో 32 మిల్లీమీటర్ల పైపు వేసి, ఆ నీరు లాక్కుపోకుండా గాలి అందించే వెంట్ పైపును మూడున్నర అడుగుల దూరంలో కలిపారు. మొత్తం వాలు పైపు వ్యాసాన్ని మించితే వెంట్ కలిసే చోటు ట్రాప్ నీటిమట్టం కంటే దిగువకు పోయి గాలి అందదు కనుక, ఈ కొలత పైపుకు ఆ దూరం ఐదడుగులు దాటకూడదని గోడ మీద పెన్సిలుతో గీసి చూపించారు. అలాగని వెంట్‌ను ట్రాప్ నెత్తిన పెట్టడమూ తప్పేనట. కనీసం పైపు వ్యాసానికి రెండింతలు ఎడం ఉండాలి.

వస్తానన్న రోజుకు రాకపోవడం, రెండు టైల్స్ పగలగొట్టడం నాకు నచ్చలేదు. అదే రంగు టైల్స్ ఇప్పటికీ దొరకలేదు. వాసన మాత్రం మళ్లీ రాలేదు.