గడ్డి నిలబడింది! స్టాటిక్ గ్రాస్ అప్లికేటర్ ఎనిమిది నెలలు వాడాక

మోడల్ రైలు లేఅవుట్ (చిన్న సైజు రైలు, దాని చుట్టూ ఊరూ కొండా ఉన్న బోర్డు) కట్టే ప్రతి ఒక్కళ్లకీ ఒక దశ వస్తుందండీ, ట్రాక్ వేసేస్తాం, స్టేషన్ పెట్టేస్తాం, కొండ చెక్కేస్తాం, రైలు కూడా ఎక్కడా ఆగకుండా చక్కగా తిరుగుతుంటుంది, కానీ నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే ఇంకా బొమ్మలాగే ఉంటుంది, ఏం తక్కువైందో తెలీదు. నేను రెండేళ్లు అక్కడే ఆగిపోయా. తక్కువైంది నేల. రంపపు పొట్టుకి రంగేసి చల్లా, స్పాంజి పొడి చల్లా, ఏది చల్లినా పచ్చ తివాచీ పరిచినట్టే ఉండేది. గడ్డి అంటే నిలబడాలి కదా, నాది పడుకునేది. చివరికి స్టాటిక్ గ్రాస్ అప్లికేటర్ ఒకటి కొన్నా, అంటే స్థిర విద్యుత్తుతో గడ్డి పోచల్ని నిలబెట్టి జిగురులో అంటించే మెషిన్, చేత్తో పట్టుకుని వాడే బ్యాటరీ రకం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రకం మెషిన్లన్నీ లోపల ఒకే పద్ధతి మీద పనిచేస్తాయి, దాని గురించి చెప్పాల్సిందే చాలా ఉంది.

ముందు నా లేఅవుట్ సంగతి చెప్తా, అప్పుడు నేను చెప్పేది మీకు ఎంత వర్తిస్తుందో తెలుస్తుంది. ఎన్ స్కేల్, అంటే 1:160, అసలు రైలులో నూట అరవయ్యో వంతు, పట్టాల మధ్య 9 మి.మీ. బోర్డు 120 సెం.మీ. పొడవు 70 వెడల్పు. ట్రాక్ కాటో కంపెనీ యూనిట్రాక్, అంటే ముక్కలు ముక్కలుగా బిగించుకునే రెడీమేడ్ ట్రాక్, 282 మి.మీ. రేడియస్ వంపు ముక్కలు, ఒక్కోటి 45 డిగ్రీలు కాబట్టి ఎనిమిది కలిపితే పూర్తి గుండ్రం వస్తుంది. యూనిట్రాక్ అంటే నాకు ప్రాణం, ఎన్నిసార్లు విప్పి మళ్లీ బిగించినా జాయింట్లు వదులవ్వలేదు. కాకపోతే కింద కంకర మోడల్లో వచ్చే ప్లాస్టిక్ గట్టు ఉంటుంది చూడండి, దాని అంచు నేలని తాకే చోట కత్తితో కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది, కంటికి పట్టేది అదే. అప్లికేటర్ కొన్నది కూడా ముఖ్యంగా ఆ గీత కోసమే.

పెట్టెలో ఏమొచ్చాయంటే ఒక హ్యాండిల్, అందులో 9 వోల్టుల బ్యాటరీ పెట్టుకోవాలి, మూడు సైజుల జల్లెడలు, ఒక వైరు, దాని చివర క్రోకడైల్ క్లిప్. అంతే. లోపలి సర్క్యూట్ ఆ 9 వోల్టుల్ని వేల వోల్టులకి పెంచుతుంది, కరెంట్ మాత్రం చాలా తక్కువ. జల్లెడలో నైలాన్ పోచలు పోసి, క్లిప్‌ని ఒక మేకుకి తగిలించి, ఆ మేకుని తడి జిగురులో గుచ్చి స్విచ్ నొక్కాలి. జల్లెడ జాలీకి ఒక చార్జ్, జిగురుకి ఇంకో చార్జ్. జాలీని తాకిన పోచకి జాలీ చార్జే వస్తుంది కాబట్టి జాలీయే దాన్ని కిందకి నెట్టేస్తుంది, కింద తడి జిగురు లాగుతుంది, మధ్యలో పోచ నిలువుగా తిరిగి బాణంలా దిగబడుతుంది. పక్క పక్క పోచలకి ఉన్నది ఒకే చార్జ్ కాబట్టి ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటాయి, అందుకే ఒకదాని మీద ఒకటి వాలిపోవు. అది దగ్గర్నుంచి చూడాలండీ, జల్లెడ కింద పోచలు వానలా రాలి, జిగురుని తాకగానే ఠక్కున నిక్కబొడుచుకుంటాయి, చిటపటమని సన్నగా చప్పుడు కూడా వస్తుంది.

మొదటి రోజు మాత్రం అలా జరగలేదు. కొండవాలు మొత్తానికి ఒకేసారి జిగురు పూసేసి, మేకు ఒక మూల గుచ్చి మొదలుపెట్టా, మేకు చుట్టూ జానెడు మేర బాగానే నిలబడింది, అవతల అంతా నేలకి అతుక్కుపోయింది. మెషిన్ పాడైందనుకుని రిటర్న్ ఇచ్చేద్దామని పెట్టెలో సర్దేశా కూడా. తర్వాత తెలిసింది ఏంటంటే నా కొండ థర్మాకోల్, అందులో కరెంట్ పారదు, ఆ చార్జ్ పారేది తడి జిగురులోంచి మాత్రమే. నేను అవతలి కొసకి వెళ్లేసరికి జిగురు మీద పొర కట్టేసింది. ఇప్పుడు అరచేయంత జాగాకే జిగురు పూస్తా, మేకు అక్కడికి జరుపుతా, గడ్డి వేస్తా, పక్క జాగాకి వెళ్తా. జల్లెడకీ జిగురుకీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే బాగా లాగుతుంది. పీవీఏ గ్లూలో (చెక్కపనికి వాడే తెల్ల జిగురు) కొంచెం నీళ్లు కలిపి బ్రష్‌తో పూస్తే చాలు, మరీ పల్చనైతే వాలు మీద కారిపోతుంది. ఇంకో మాట, గ్లూ కింద నేలకి ముందే మట్టి రంగు వేసుకోండి, గడ్డి సందుల్లోంచి తెల్ల థర్మాకోల్ కనిపిస్తే పడిన కష్టమంతా పోతుంది.

పోచల పొడవు దగ్గర చాలామంది తప్పు చేస్తున్నారు, నేనూ చేశా, అందుకే కాస్త ఎక్కువ చెప్తా. 6 మి.మీ. పోచ చేతిలో చూస్తే చిన్నదే, కానీ దాన్ని 160తో గుణిస్తే 96 సెంటీమీటర్లు, అంటే మన ఎన్ స్కేల్ మనిషికి నడుము దాకా వస్తుంది. స్టేషన్ పక్కన అంత గడ్డి ఉంటే ఆ స్టేషన్ మూతపడినట్టు లెక్క. 2 మి.మీ. అయితే 32 సెం.మీ., ఎన్ స్కేల్లో మామూలు మైదానానికి అది చాలు. అదే హెచ్‌ఓ స్కేల్ వాళ్లకి 1:87 కాబట్టి 2 మి.మీ. అంటే 17 సెం.మీ. పైచిలుకు, 6 మి.మీ. అంటే అర మీటరు దాటి కొంచెం, వాళ్లు ధైర్యంగా పొడుగు పోచలు వాడుకోవచ్చు. ఒకే పొడవు, ఒకే రంగు అస్సలు వద్దు. ప్యాకెట్‌లోంచి తీసిన పచ్చ రంగు పోచలు ఉన్నవి ఉన్నట్టు వేస్తే ప్లాస్టిక్ మెరుపు మెరుస్తాయి. నేను ఎండుగడ్డి రంగు సగం, ముదురు ఆకుపచ్చ పావు, మిగతాది గోధుమ రంగు కలుపుతా. ముందు 2 మి.మీ. వేసి ఆరనిచ్చి, పైన అక్కడక్కడ హెయిర్ స్ప్రే కొట్టి 4 మి.మీ. ఎండు పోచలు వేస్తే, పొట్టి గడ్డిలోంచి పొడుగు గడ్డి లేచినట్టు వస్తుంది. యూనిట్రాక్ అంచు మీదకి కూడా పలచగా అలా ఎక్కించా, ఆ గీత మాయమైంది! టేబుల్ లైట్ పక్కకి వంచి పెడితే గడ్డి నీడ తిరుగుతున్న రైలు పెట్టెల మీద పడుతూ జరిగిపోతుంది, నేను కొండ పక్కన కూర్చుని అదే చూస్తూ ఉండిపోతా.

ఇక నచ్చనివి. స్విచ్ నొక్కి పట్టుకునే ఉండాలి, అరగంటకి బొటనవేలు తిమ్మిరెక్కుతుంది. వైరు పొట్టిది, బోర్డు మధ్యకి అందదు, నేను ఇంకో మీటరు అతుకు వేసుకున్నా. చిన్న జల్లెడ జాలీ మరీ సన్నం, 4 మి.మీ. దాటితే పోచలు దిగవు, ఉండలు కడతాయి. బ్యాటరీ మూత నాలుగో నెలకే విరిగింది, టేపు వేసి నడిపిస్తున్నా, అమ్మినవాళ్లకి రెండుసార్లు రాసినా జవాబు లేదు, ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. స్విచ్ వదిలాక కూడా జాలీలో చార్జ్ కాసేపు ఉంటుంది, క్లిప్‌ని ఒకసారి జాలీకి తాకించి వదిలేయండి, లేకపోతే చేతికి చురుక్కున కొడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని అస్సలు పట్టుకోకూడదు, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గడ్డి వేసేముందు ఇంజన్లు, ముఖ్యంగా డీసీసీ డీకోడర్ (డిజిటల్ కంట్రోల్ కోసం ఇంజన్లో ఉండే చిన్న సర్క్యూట్) ఉన్నవి, బోర్డు మీంచి తీసేయండి, కంట్రోలర్ వైర్లు పీకేయండి, పట్టాలకి మాస్కింగ్ టేప్ వేయండి. ఒక్క పోచ ఇంజన్ గేర్లలో దూరిందంటే బాడీ మొత్తం విప్పి పట్టకారుతో లాగాల్సిందే, నాకు ఒక సాయంత్రం అలాగే పోయింది.

వృథా గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, అంటుకోని పోచలన్నీ వెనక్కి వస్తాయి. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి తక్కువ స్పీడులో తిప్పితే గుడ్డ మీద పేరుకుంటాయి, దులిపి డబ్బాలో వేసుకోవడమే. పైగా ఆ గాలికి పడుకున్న పోచలు కూడా లేచి నిలబడతాయి.

పుస్తకమంత డయోరమా (ఒక చిన్న దృశ్యం మోడల్) ఒక్కటి చేసేవాళ్లు మెషిన్ కొనక్కర్లేదు, రెడీమేడ్ గడ్డి దుబ్బులు దొరుకుతాయి, పట్టకారుతో తీసి అంటించుకుంటే సరిపోతుంది. దోమల బ్యాట్ విప్పి ఆ సర్క్యూట్‌ని టీ జల్లెడకి కలిపి చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు, పనిచేస్తుంది గానీ లాగే శక్తి తక్కువ, పొట్టి పోచల వరకే బాగుంటుంది, పైగా అందులో చార్జ్ నిల్వ ఉంచే కెపాసిటర్లు ఉంటాయి, వాటి జోలి తెలియనివాళ్లు ముట్టుకోవద్దు. అడుగున్నర దాటిన లేఅవుట్ ఉంటే మాత్రం అప్లికేటర్ కొనేయండి. మెషిన్‌కి అయిదుకి నాలుగు, ఆ ఒకటి మూతకీ జవాబివ్వని వాళ్లకీ తగ్గించా.

నాకు ఇంకా చెరువు గట్టు మిగిలింది. 12 మి.మీ. పోచలు తెప్పించా, ఎన్ స్కేల్లో అవి దాదాపు మనిషెత్తు, రెల్లుకి సరిగ్గా సరిపోతాయి. పెద్ద జల్లెడతో అట్టముక్క మీద వేసి చూశా, దిగుతున్నాయి.