గూగుల్ యాడ్స్ పెట్టిస్తామనే ఏజెన్సీలతో జాగ్రత్త: అకౌంట్ ఎవరి పేరున తెరుస్తున్నారో ముందు చూడండి

షాపుకి గూగుల్‌లో యాడ్స్ పెట్టించాలని ఏ ఏజెన్సీకైనా డబ్బు పంపబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

మాది రాజమండ్రిలో ఏసీ రిపేర్ షాపు. ఎండలు మొదలయ్యే ముందు ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. "డబ్బు మాకు పంపండి చాలు సార్, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు. అకౌంట్ వాళ్ల మెయిల్‌తోనే తెరిచారు, కార్డూ వాళ్లదే. లాగిన్ అడిగితే "గూగుల్ పాలసీ ఒప్పుకోదు" అనేవాళ్లు. అప్పుడప్పుడూ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్, అంతే. అందులో క్లిక్కులకేం తక్కువ లేదు. మాకు వచ్చే ఫోన్లేమో మెకానిక్ ఉద్యోగం ఉందా అనేవాళ్లవి, హైదరాబాద్ నుంచి రేటు కనుక్కునేవాళ్లవి! ఆపేస్తాం, అకౌంట్ అప్పగించమంటే "అది మాది" అన్నారు. మా డబ్బులో గూగుల్‌కి ఎంత కట్టారో ఇప్పటికీ లెక్క చెప్పలేదు.

నిజానికి గూగుల్ పాలసీ దీనికి పూర్తిగా రివర్స్. ఖర్చు, క్లిక్కుల వివరాలు ఏజెన్సీ నెలనెలా క్లయింటుకి చూపాలి, అడిగితే కస్టమర్ ఐడీ (యాడ్స్ అకౌంట్ నంబరు) ఇవ్వాలి.

అకౌంట్ మీ జీమెయిల్‌తో మీరే తెరవండి. ఆ 10 అంకెల కస్టమర్ ఐడీ ఇస్తే ఏజెన్సీ తన మేనేజర్ అకౌంట్ (క్లయింట్ల అకౌంట్లన్నీ ఒకచోట చూసుకునే అకౌంట్) నుంచి రిక్వెస్ట్ పంపుతుంది. మీరు ఓకే చేస్తే వాళ్లు పని చేసుకుంటారు, తేడా వస్తే లింకు తీసేయొచ్చు. యాడ్ డబ్బు నేరుగా గూగుల్‌కే కట్టండి, ఏజెన్సీకి ఫీజు మాత్రమే. బిల్లింగ్‌లో మీ జీఎస్టీ నంబరు పెడితే యాడ్ బిల్లు మీద పడే 18% జీఎస్టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు (జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు రాదు).

లొకేషన్ సెట్టింగ్ కూడా చూడండి. మామూలుగా అది మీ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు మీ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకీ యాడ్ చూపిస్తుంది. మాలాంటి రిపేర్ షాపులకి అది దండగ ఖర్చు. ఊళ్లో ఉన్నవాళ్లకే అని మార్చుకోండి. జనం ఏం టైప్ చేస్తే మీ యాడ్ వచ్చిందో సెర్చ్ టర్మ్స్ రిపోర్టులో ఉంటుంది. 'జాబ్స్', 'కోర్సు' లాంటివి కనిపిస్తే నెగటివ్ కీవర్డ్స్‌లో (ఏ మాటలకి మీ యాడ్ రాకూడదో ఆ లిస్టులో) వేసేయండి. రోజువారీ బడ్జెట్ ఒక్కోరోజు రెట్టింపు దాకా ఖర్చవ్వచ్చు, దానికి టెన్షన్ పడక్కర్లేదు, నెల మొత్తానికి ఆ రోజువారీ బడ్జెట్‌కి 30.4 రెట్లు (నెలకి సగటు రోజులు) దాటదు.

ఇప్పటికే ఏజెన్సీతో ఉన్నవాళ్లు మ్యాప్స్‌లోని మీ బిజినెస్ ప్రొఫైల్‌కి ప్రైమరీ ఓనర్ ఎవరో కూడా ఈరోజే చూడండి. వాళ్ల మెయిల్ ఉంటే, మాటామాటా రాకముందే మీ పేరుకి మార్పించుకోండి.