ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణ: 40 గంటల ప్యాకేజీ చెప్పని లెక్క

డాలస్ సమీపంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటి దృశ్యం కనిపించకపోయినా పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హత) శిక్షణ ఈమధ్యే పూర్తి చేశాను. బోధనకు మంచి మార్కులే వేస్తాను గానీ, ప్యాకేజీని అమ్మే తీరుకు వేయలేను.

వారి కరపత్రంలో పెద్ద అక్షరాల్లో కనిపించేది ‘40 గంటలు’. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లోని పార్ట్ 61 ప్రకారం మేఘాల్లో గానీ, బయటి దృశ్యం కనిపించకుండా హుడ్ పెట్టుకుని గానీ, పరికరాల ఆధారంగానే ఎగిరిన కాలం 40 గంటలు ఉండాలన్నది నిజమే; అందులో 15 గంటలు తగిన అర్హత గల ఇన్‌స్ట్రక్టర్‌తో సాగాలి. అయితే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా, 50 గంటల క్రాస్ కంట్రీ (దూర ప్రయాణ) అనుభవం కూడా ఉండాలన్న షరతు ఆ కరపత్రంలో ఎక్కడా లేదు. బయలుదేరిన చోటికి 50 నాటికల్ మైళ్లకు మించిన దూరంలో దిగితేనే ప్రయాణం ఈ లెక్కలోకి వస్తుంది కనుక, ఊరి చుట్టూ తిరిగిన గంటలు ఎన్ని ఉన్నా అక్కరకు రావు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ రాగానే చేరేవారికి విమానం అద్దె తడిసి మోపెడయ్యేది ఇక్కడే. ఎఫ్‌ఏఏ ప్రత్యేక అనుమతి ఉన్న స్కూళ్లు నడిపే పార్ట్ 141 కోర్సులో ఈ 50 గంటల బెడద లేదు, పరికరాల శిక్షణకూ 35 గంటలు చాలు. కానీ ఈ స్కూల్‌కు ఆ అనుమతి లేదు.

వీరి సిమ్యులేటర్ అధునాతన శ్రేణికి చెందినది కాబట్టి, దానిపై ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలో చేసిన సాధనలో 20 గంటల వరకు 40లో కలుపుకోవచ్చు. అంతకన్నా నాకు నచ్చింది విమానంలోని పాఠం. మా ఇన్‌స్ట్రక్టర్ ఏదో అడుగుతున్నట్టే అడిగి, విమానం ఎటు వంగిందో చూపే యాటిట్యూడ్ ఇండికేటర్ మీద గుండ్రటి రబ్బరు మూత అంటించేసేవారు. ఇక మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్, ఎత్తు చూపే ఆల్టిమీటర్, వేగం చూపే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్లను మార్చి మార్చి చూసుకుంటూ రన్‌వే దాకా దిగాల్సిందే.

ఐఎఫ్‌ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నిబంధనలు) కింద తప్పనిసరైన 250 నాటికల్ మైళ్ల ప్రయాణాన్ని విచిటా ఫాల్స్, అబిలీన్ మీదుగా చక్కగా కూర్చారు. దిగిన ప్రతి విమానాశ్రయంలోనూ ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (పరికరాల ఆధారంగా రన్‌వే వైపు దిగిరావడం) చేయాలి, మొత్తం మీద మూడు వేర్వేరు రకాలు పూర్తి కావాలి. ఆ ఒక్క రోజు నేర్పించిన రేడియో సంభాషణకే నేను కట్టిన ఫీజులో సగం గిట్టుబాటైంది.

చేరేముందు చివరి పరీక్ష తీసుకునే ఎగ్జామినర్ తేదీ ఎప్పుడు దొరుకుతుందో కూడా అడగండి. పరీక్ష జరిగే నెలకు ముందు రెండు క్యాలెండర్ నెలల్లోపు కనీసం 3 గంటల శిక్షణ పొంది ఉండాలి; తేదీ అంతకు మించి వెనక్కి జరిగితే ఆ గంటలకు మళ్లీ డబ్బు కట్టాల్సిందే, ప్యాకేజీ ధరలో అవి కలవవు.