టాంగ్‌యువాన్‌కి ఎరావన్ జిగురు బియ్యప్పిండి: తిరుపతి వంటింట్లో ఎలా ఉందంటే

చైనా కొత్త సంవత్సరం మొదటి నెల పౌర్ణమికి లాంతర్ల పండగ. ఆ రోజు తినేవి టాంగ్‌యువాన్, అంటే నువ్వుల పూర్ణం పెట్టి నీళ్లలో ఉడికించే ఉండలు. ఫ్రోజెన్ ప్యాకెట్లు తిరుపతి ఎండకు దారిలోనే కరిగి, ఫ్రిజ్‌లో పెట్టాక పగుళ్లిస్తాయి. జిగురు బియ్యప్పిండి తెప్పించుకుని ఇంట్లో చేసుకోవడమే మేలు.

ఎరావన్ అనే ఈ థాయ్ బ్రాండ్ పిండి కవర్లలో ఎరుపుది మామూలు బియ్యప్పిండి, మనకు కావాల్సింది ఆకుపచ్చది. చాలా మెత్తగా, తెల్లగా ఉంది, జల్లించక్కర్లేదు. మనం ఉండ్రాళ్లకు వాడే పిండి దీనికి అస్సలు పనికిరాదు. దాంట్లో అమైలోజ్ అనే జిగురులేని పిండిపదార్థం ఎక్కువ, అందుకే సాగదు, ఉడుకుతుండగానే విచ్చిపోతుంది.

150 గ్రాముల పిండికి 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. అసలు కిటుకు ఇక్కడుంది: నిమ్మకాయంత ముద్దను మరిగే నీళ్లలో తేలేదాకా ఉడికించి, మిగతా పిండిలో కలిపి పిసకాలి. వేలితో నొక్కితే అంచులు చీలకూడదు. చీలితే ఇంకో చెంచా నీళ్లు.

పూర్ణానికి వేయించి పొడిచేసిన నల్లనువ్వులు 60 గ్రాములు, పంచదార 40, నెయ్యి 35. చైనాలో నెయ్యి బదులు పంది కొవ్వు వేస్తారు, నెయ్యి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. చిన్న ఉండలు చేసి ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి, లేకపోతే చుట్టేటప్పుడే జారిపోతాయి. మన చిమ్మిలి అలాగే పెడితే కొరికినప్పుడు పాకంలా కారదు, నెయ్యి కలపాల్సిందే.

నీళ్లు తెర్లకూడదు, సన్నటి మంట మీద తేలాక రెండు నిమిషాలు చాలు. ధర మామూలు బియ్యప్పిండి కంటే బాగా ఎక్కువే, అయినా ఈ సాగుడుకు ఇవ్వొచ్చు. విప్పిన కవరు మూత బిగుతైన డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, బయటుంటే పురుగు పడుతుంది.